చిట్టాలోని హెచ్చరిక

మా రేడియో కేంద్రములో డ్యూటీ గది అను చిన్న గది యొకటి కలదు. ఆ గదిలోని బల్లమీద గట్టి అట్ట వేసిన లావుపాటి పుస్తకమొకటి ఉండును. ప్రసారము సాగుచున్నంతసేపు డ్యూటీ ఆఫీసరు దానిని చేతిదగ్గరనే ఉంచుకొని, జరిగినదానినెల్ల అందులో ఎక్కించుచుండును. గాయకుడు రెండు నిమిషములు ఆలస్యముగా వచ్చినను, ఢిల్లీ నుండి అందవలసిన వార్తలలో పది సెకండ్లు శబ్దము ఆగిపోయినను, గంట నిమిషములతో సహా అది వ్రాయవలసినదే. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఇంత స్వల్పవిషయములను వ్రాయుట దేనికని నేను విసుగుకొనెడివాడను. అప్పుడు ఉద్యోగవిరమణకు దగ్గరపడిన పెద్దాయన ఒకరు నాతో, "ఒకనాటి రాత వలన ఏమీ తెలియదు నాయనా. వారం రోజుల రాతలు వరుసగా పెట్టుకొని చూడు" అనిరి. ఆయన అట్లు చూచియే, తరచుగా రాత్రి ఎనిమిదిన్నర దాటిన తరువాత వినవచ్చుచున్న గరగర చప్పుడునకు కారణము మా యంత్రములు కావనియు, ఆ వేళకు ప్రక్క ఆవరణలో వేయు నీళ్ళ మోటారనియు కనుగొనిరి.

ఇట్టి పుస్తకము ఈనాడు అనేక గృహములలో కూడ వ్రాయబడుచున్నది. వ్రాయునది మనిషి కాదు, ఒక చిన్న పెట్టె. చదువువారు మాత్రము బహు తక్కువ.

ఏ పెట్టె అందురేమో. ఇంటిలోని ఫోటోలు, పెండ్లి వీడియోలు, దస్తావేజుల నకళ్ళు, పిల్లల పాటలు ఇవన్నియు నేడు ఫోనులలో పట్టక, ఒకచోట చేర్చి ఉంచుకొనవలసి వచ్చుచున్నది. అందుకొరకు హార్డు డిస్కులు రెండో నాలుగో అమర్చిన పెట్టెను కొని, దానిని ఇంటర్నెట్టు రౌటరునకు ఒక తీగతో కలుపుదురు. ఇంటిలోని వారందరును ఎవరి ఫోనునుండి వారు, ఎవరి కంప్యూటరునుండి వారు, దానిలోని వస్తువును చూచుకొనవచ్చును. దీనినే నెట్‌వర్కు స్టోరేజి అందురు. 'నాస్' అని పొట్టిపేరు. చూచుటకు నిశ్శబ్దముగా దీపములు మినుకు మినుకుమనిపించుచు కూర్చుండును గాని, లోపల అదియు ఒక సంపూర్ణమైన కంప్యూటరే. పెక్కింటిలో లినక్సు అను వ్యవస్థ పనిచేయుచుండును. రేయింబవళ్ళు తనకు జరిగినదానినెల్ల అది వ్రాసికొనుచునే యుండును. దానినే 'సిస్టమ్ లాగ్' అందురు.

లాగ్ అనగా మొద్దు. పూర్వము ఓడవాండ్రు ముడులు వేసిన త్రాటికి చెక్కమొద్దును కట్టి సముద్రములో వదలి, నియమిత కాలములో ఎన్ని ముడులు చేతిలోనుండి జారినవో లెక్కించి ఓడ వేగమును తెలిసికొనెడివారు. ఆ లెక్క వ్రాసిన పుస్తకమునకు లాగ్‌బుక్కు అని పేరు వచ్చినది. మా డ్యూటీ గదికి ఆ పేరు ఓడలనుండియే దిగుమతి అయినది. తెలుగువారికి ఇంతకంటె చక్కని మాటలు రెండు కలవు. కొట్టులో గుమాస్తా ఏ గంటకు ఏమి జరిగిన దానిని ఆ వరుసనే వ్రాయునది చిట్టా. ఒక్కొక్కరి పద్దు విడదీసి మొత్తము తేల్చునది ఆవర్జా. ఈ రెండు మాటలను దయచేసి గుర్తుంచుకొనుడు. పెట్టెలో కూడ ఈ రెండు పుస్తకములును ఉండును.

చిట్టా వ్రాయు పద్ధతిని 1980వ దశకములో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణమున ఎరిక్ ఆల్మన్ అను నతడు, తాను వ్రాసిన సెండ్‌మెయిల్ అను తపాలా ప్రోగ్రాము కొరకు కల్పించెను. దానికి సిస్‌లాగ్ అని పేరు. అందులో ప్రతి పంక్తికిని ఒక తీవ్రతాసంఖ్య ఉండును. 0 మొదలు 7 వరకు ఎనిమిది మెట్లు. 0 అనగా కొంప మునిగినదని, 3 అనగా తప్పిదమని, 4 అనగా హెచ్చరిక యని, 6 అనగా ఊరక తెలియజేయుట యని అర్థము. సంఖ్య తగ్గినకొలది ప్రమాదము పెరుగును. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ సంఖ్యను నిర్ణయించినవాడు ఎక్కడనో కూర్చుండి ఆ ప్రోగ్రామును వ్రాసినవాడు. మీ యింటి సంగతి యతనికి తెలియదు. అందువలన ఏ హానియు లేని విషయము నాలుగవ మెట్టున నిలిచి ప్రతిదినము కేకలు వేయుటయు, నిజముగా భయపడవలసిన మాట ఆరవ మెట్టున సాధువువలె కూర్చుండుటయు కద్దు. ఇది తెలియక నేను నష్టపడితిని. ఆ కథయే చెప్పుటకు ఈ ప్రసంగము.

మా తండ్రిగారు పల్లెటూరి బడిలో తెలుగు పంతులు. పద్యము చదివినచో వీధి చివరివరకు వినబడెడిది. 1978లో మా మేనమామగారు గల్ఫునుండి టేపురికార్డరు తెచ్చినపుడు, ఒక వేసవి సెలవులలో ఆయనచేత పద్యములు చదివించి ఏడు కాసెట్లు నింపితిమని పెద్దలు చెప్పుదురు. మా తండ్రిగారు పోయిన తరువాత ఆ కాసెట్లు నాకు చేరినవి. నేను రేడియోలో ఉండుటవలన, వానిని శుభ్రపరచి కంప్యూటరులోనికి ఎక్కించుట నాకు కష్టము కాలేదు. ఎక్కించిన పిమ్మట ఆ కాసెట్లకు బూజు పట్టియుండుటచే ఇంటిలో ఉంచుట యెందుకని పారవేసితిమి. పెట్టెలో ఉన్నవి కదా!

ఆ పెట్టె నేను విడిభాగములు కొని, తెలిసిన కుర్రవానిచేత కూర్పించుకొన్నది. రెండు నెలలు సుఖముగా గడచినవి. అటుతరువాత ఉదయముననే నా ఫోనుకు ఒక హెచ్చరిక రాసాగినది. డిస్కుయొక్క 'యు.డి.ఎం.ఏ. సి.ఆర్.సి. ఎర్రర్ కౌంట్' 12 అయినదని మొదటిరోజు. మరునాడు 31. నాలుగవనాటికి 58. చిట్టా తెరచి చూచితినిగదా, లింకు తెగినది, లింకును మరల కలుపుచున్నాను, వేగము 6 గిగాబిట్లనుండి 3కు తగ్గించితిని అని పుటలకు పుటలు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. డిస్కు చచ్చిపోవుచున్నదని నిశ్చయించుకొని, ఆ సాయంకాలమే క్రొత్త డిస్కు కొని తెచ్చి, పాతదానిని ఊడబెరికి దానిస్థానమున పెట్టితిని. మూడవరోజున క్రొత్త డిస్కు పేరుతో అదే హెచ్చరిక!

మా ప్రక్కింటి అబ్బాయి హైదరాబాదులో పెద్ద కంప్యూటరు కేంద్రములో పని చేయుచున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడు వానితో మొర పెట్టుకొంటిని. వాడు పెట్టె ముట్టుకొనకుండనే, "బాబాయిగారూ, డిస్కు మార్చినా తప్పు పోలేదంటే, మార్చనిది ఏమిటో చూడండి" అనెను. మార్చనిది తీగ. డిస్కునకును బోర్డునకును నడుమనున్న జానెడు సాటా తీగ. దానిని మార్చినంతనే ఆ యంకె నిలిచిపోయినది.

ఈ సి.ఆర్.సి. అనునది ఏమి? తీగమీద పంపు ప్రతి మూటతోను, ఆ మూటలోని అంకెలనుండి లెక్కగట్టిన ఒక చిన్న సంఖ్యను కూడ పంపుదురు. అందుకొన్నవాడు తానును లెక్కగట్టి సరిచూచును. సరిపోనిచో మూటను తిరుగగొట్టి మరల పంపుమనును. కావున ఆ యంకె పెరిగినంతమాత్రమున మీ ఫోటో చెడిపోయినదని కాదు; దారిలో చెడిన మూటను పట్టుకొన్నామని అర్థము. దోషము సాధారణముగా తీగలోను, దాని కొనలలోను, సందులో చేరిన దుమ్ములోను ఉండును గాని డిస్కు పళ్ళెములలో ఉండదు. ఇంకొక విశేషము. ఈ లెక్క డిస్కు జీవితకాలపు లెక్క. తీగ మార్చినను అది సున్నకు దిగిరాదు. 58 అని యున్నది 58గానే యుండిపోవును. కొన్ని పెట్టెలు ఆ 58ని చూచినప్పుడెల్ల, పాపము, మరల మరల హెచ్చరించుచునే యుండును.

చిట్టా, ఆవర్జా అంటినిగదా. లింకు తెగినది కలిసినది అనుమాట చిట్టాలోనిది. 58 అనునది ఆవర్జాలోనిది. ప్రతి హార్డు డిస్కును తనకు తాను ఇట్టి ఆవర్జాను వ్రాసికొనును. దానిని స్మార్ట్ పట్టిక యందురు. ఎన్ని గంటలు తిరిగినది, ఎంత వేడెక్కినది, ఎన్ని చోట్లు పాడైనవి, అన్నియు పద్దువారీగా ఉండును. చిట్టాను చూచి భయపడువారు పలువురు కలరు. ఆవర్జాను తెరచువారు అరుదు.

అప్పటికి నాకు ధైర్యము హెచ్చినది. ధైర్యమనుట సరికాదేమో, నిర్లక్ష్యము హెచ్చినది. పాత డిస్కు నిర్దోషి యని తేలెను గనుక దానిని కూడ మరల పెట్టెలో అమర్చితిని. రెండు డిస్కులలోను ఒకే వస్తువును జంటగా వ్రాయించుకొను ఏర్పాటు కలదు. ఒకటి పోయినను రెండవది నిలుచును. కాలిఫోర్నియాలోనే ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 1988లో ప్రకటించిన రెయిడ్ అను పద్ధతిలో ఇది మొదటి వరుసలోనిదే. అట్లు చేసినచో చోటు సగమగునని నేను దాని జోలికి పోలేదు. పద్యములను క్రొత్త డిస్కులోనికి తరలించి, ఖాళీ అయిన పాతదానిలో మా అమ్మాయి పెండ్లి వీడియోలు నింపితిని. క్రొత్తది గదా, విలువైనవి దానిలోనే ఉండవలెనని నా తెలివి.

ఆ యేటి ఉగాది ప్రాంతమున చిట్టాలో ఒక పంక్తి కనబడినది. క్రొత్త డిస్కులో 'కరెంట్ పెండింగ్ సెక్టార్ 8' అని. ఎనిమిదియే కదా, యేబదియెనిమిదియే యేమియు చేయలేదు, ఇదేమి చేయును అనుకొంటిని. ఆ పంక్తి ప్రతి ఉదయమును వచ్చెడిది. వచ్చిన ప్రతిసారి వ్రేలితో ప్రక్కకు త్రోసెడివాడను. అంకెను మరల చూచిన పాపమున పోలేదు.

ఈ ఎనిమిదికిని ఆ యేబదియెనిమిదికిని ఉన్న భేదము నేల నింగి భేదము. డిస్కులో పళ్ళెములమీద చోటును చిన్న చిన్న గళ్ళుగా విభజించి ఉంచుదురు, వానిని సెక్టారులందురు. ఇప్పటి డిస్కులలో గడి యొక్కటికి సాధారణముగా 4096 బైట్లు పట్టును. ఒక గడిలో వ్రాసినది మరల చదువరానిచో, డిస్కు వెంటనే దానిని చెడినదని కొట్టివేయదు. సందేహమున ఉంచును. మరల ఎవరైన అందులో వ్రాయునపుడు పరీక్షించి, బాగుగ నున్నచో లెక్కనుండి తీసివేయును; లేనిచో ఆ గడిని మూసివేసి, ముందే కేటాయించి యుంచుకొన్న మారుగడిని దాని బదులు వాడుకొనును. సందేహములో ఉన్నవి పెండింగు పద్దులోను, మూసివేసినవి 'రీఅలొకేటెడ్' అను పద్దులోను చేరును. అనగా పెండింగు పద్దులో అంకె యున్నదన్నచో, మీరు దాచుకొన్నదానిలో ఏదో యొక ముక్క ఇప్పుడు చదువుటకు వీలుకాకున్నదని అర్థము. ఇది దారిలో చెడిన మూట కాదు, గాదెలోనే చెడిన గింజ. పెక్కు డిస్కులు ఆ నాలుగువేల బైట్ల గడిని పాతలెక్కన ఎనిమిదిగా లెక్కించును గనుక అంకె 8, 16, 24 అని పెరుగుచుండుట కద్దు. నేను చూచిన ఎనిమిది ఒక్క గడియే కావచ్చును.

ఒక్క గడి వలన కొంప మునుగదు. పెరుగుచున్నదా లేదా అనునదే ప్రశ్న. ఆ ప్రశ్నను నేను అడుగలేదు.

వైశాఖమాసమున ఒక రాత్రి పెట్టెనుండి టకటకమని చప్పుడు వినవచ్చినది. ఉదయమునకు ఆ డిస్కు పెట్టెకు కనబడుట మానినది. తరువాత చిట్టాను వెనుకకు త్రిప్పి చూచితిని. ఉగాదినాడు 8. పదిరోజులకు 16. నెలకు 40. చివరి వారములో 112, 304. తెల్లని కాగితముమీద నల్లని అక్షరములవలె అంతయు వ్రాసియే యున్నది. యాబదిరోజులు పెట్టె తన ధర్మమును తాను నెరవేర్చినది. ఏడింటిలో ఐదు కాసెట్ల పద్యములు మా చెల్లెలు నెల్లూరులో తన కంప్యూటరులో దాచుకొని యున్నది. రెండింటికి నకళ్ళు ఎచ్చటను లేవు. చెడిన డిస్కులనుండి వస్తువును వెలికితీయు వారియొద్దకు దానిని పంపితిని. పళ్ళెములపై గీతలు పడినవనియు, ఏమియు రాదనియు తిరిగి వచ్చినది.

నా యనుభవము ఒక్కటే చెప్పి మిమ్ము నమ్ముమనుట న్యాయము కాదు. గూగుల్ సంస్థ పరిశోధకులు తమయొద్దనున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక వ్యాసమును ప్రకటించిరి. డిస్కు తన ఉపరితలమును తాను పరీక్షించుకొనునపుడు మొదటి దోషము బయటపడిన పిమ్మట, 60 దినములలో అది చెడిపోవు అవకాశము, దోషము లేని డిస్కులకంటె 39 రెట్లు హెచ్చుగా ఉన్నదట. ఇప్పుడు చెప్పిన సందేహపు గళ్ళు కనబడిన డిస్కులకైతే 16 రెట్లు. ఇది యొక ప్రక్క. రెండవ ప్రక్క కూడ వారే చెప్పిరి. చెడిపోయిన డిస్కులలో సగముకంటె ఎక్కువవాటికి, 56 శాతమునకు పైగా, ముఖ్యమైన నాలుగు పద్దులలో ఒక్కదానిలోనైనను అంకెయే లేదు! అనగా హెచ్చరిక వచ్చినచో వినవలెను; రాకపోయినచో క్షేమమని నిద్రపోరాదు. వేరొకచోట నకలు ఉండుట తప్పదు. జంటడిస్కుల ఏర్పాటు కూడ నకలుతో సమానము కాదు. పొరపాటున ఒక ఫోటోను తుడిచివేసినచో అది రెండింటిలోనుండియు ఒకేక్షణమున పోవును.

తక్కిన హెచ్చరికలను గూర్చి అంతగా చెప్పవలసినది లేదు. వేడిమి హెచ్చరిక మన బెజవాడ వేసవిలో రానిచో ఆశ్చర్యపడవలెను. పెట్టెను టీవీ షోకేసు అద్దములవెనుకనుండి తీసి గాలి తగులుచోట పెట్టినచో చాలవరకు తగ్గును. పై పరిశోధకులు కూడ, మరీ హెచ్చు వేడిమిలో తప్ప, వేడికిని చెడిపోవుటకును అనుకొన్నంత సంబంధము కనబడలేదనియే వ్రాసిరి. 'సరిగా మూయబడలేదు' అను మాట కరెంటు పోయిన ప్రతిసారి వచ్చును. అది ప్రతిదినము ఒకే వేళకు వచ్చుచున్నచో, ఆ వేళ మీ వీధిలో ఏమి జరుగుచున్నదో విచారించుడు. ఇన్వర్టరు ఉన్నదను ధీమా చాలదు. కరెంటునుండి బ్యాటరీకి మారు రెప్పపాటుకే పెట్టె తూలిపడుట కద్దు. తారీఖు 1970 జనవరి 1 అని కనబడినచో అది దయ్యము పని కాదు. గడియారమునకు ఊతమిచ్చు బిళ్ళబ్యాటరీ అయిపోయినదన్నమాట. ఆ కంప్యూటరులు కాలమును ఆ దినమునుండియే లెక్కించును. అయితే గడియారము తప్పినచో చిట్టాలోని వేళలన్నియు తప్పును గనుక దీనిని ముందుగా సరిచేసికొనవలెను.

ఒక్కటి మాత్రము వేరు జాతిది. 'అడ్మిన్ పేరుతో లోనికి రాజూచి విఫలమైరి' అని, ఎన్నడును వినని చిరునామాలనుండి, నిమిషమున కొకటి చొప్పున పంక్తులు కనబడినచో, అక్కడ అంకె పెరుగుచున్నదా యని చూచుచు కూర్చుండరాదు. వీధిలో పోవు ప్రతివాడును మీ తలుపు గొళ్ళెము కదిపి చూచుచున్నాడని అర్థము. రౌటరులో ఆ పెట్టెకు బయటినుండి దారి తెరచియున్నది; దానిని మూయవలెను. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను దుష్టప్రోగ్రాము, ఇంటర్నెట్టుకు నేరుగా తెరచియుంచిన ఇట్టి ఇంటిపెట్టెలలోనికే చొరబడి, ఫైళ్ళకు తాళము వేసి, విడుదలకు సొమ్ము అడిగినది. దాని విషయమున గొళ్ళెము కదిపిన చప్పుడైనను లేదు. పెట్టెలోని ప్రోగ్రాము లోపముగుండ దొడ్డిదారిని వచ్చినది.

ఇప్పుడు నేను చేయుచున్నది ఇంతే. పాలవానికి నెల లెక్క చూచుదినమున పెట్టె ఆవర్జాను కూడ తెరచి, ఒక్కొక్క డిస్కుకు మూడంకెలు, అనగా మూసిన గళ్ళు, సందేహపు గళ్ళు, తీగ తప్పులు, పాల లెక్క ప్రక్కనే క్యాలెండరుమీద వ్రాయుదును. ఆ రాత్రి డిస్కు మొత్తమును చదివించు దీర్ఘపరీక్షను మొదలుపెట్టి పడుకొందును. పెద్ద డిస్కునకు తెల్లవారినను కాదు, మరునాటి మధ్యాహ్నము కావచ్చును. గతనెల అంకెయే యున్నచో క్యాలెండరును మేకునకు తగిలింతును. సందేహపు గళ్ళు పెరిగినచో మొదట నకలు, తరువాత క్రొత్త డిస్కు; ఆ వరుస తప్పరాదు. మా యింట ఆమె, "పాలు పెరిగినా పట్టించుకోరు గాని, ఈ లెక్క మాత్రం తప్పదు" అని నవ్వును.

నేను తొందరపడి ఊడబెరికిన ఆ పాత డిస్కు నేటికిని తిరుగుచున్నది. దాని తీగ తప్పుల పద్దు ఇప్పటికి ముప్పదియేడు నెలలుగా క్యాలెండరుమీద 58గానే యున్నది. పెట్టె ప్రతి ఉదయమును ఆ యేబదియెనిమిదిని గూర్చి నన్ను హెచ్చరించుచునే యున్నది. ఆ హెచ్చరికను ఆపివేయు మీట యొకటి కలదు. నేను దానిని నొక్కలేదు.